పసివారి పండుగలు – వాని పూర్వోత్తరములు

మన పండుగలను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు కలరు. వ్రతకల్పములు కూర్చిన పండితులు తిథినిర్ణయము చేసిరి. పౌరాణికులు ఒక్కొక్క పండుగకు ఒక్కొక్క రాక్షసుని వెదకి తెచ్చిరి. శాసనములు చదివినవారు ఉత్సవములకై రాజులిచ్చిన భూములను లెక్కించిరి. ఇంటి ముంగిట పసిబిడ్డను పీటపై కూర్చుండబెట్టి, ఇరుగుపొరుగు స్త్రీలు చేరి జరుపుకొను చిన్న పండుగను మాత్రము చరిత్రకారుడు కన్నెత్తి చూచినది తక్కువ. దానికి శాసనము లేదు, తామ్రపత్రము లేదు, చాలచోట్ల పురోహితుడు సైతము లేడు. దానిని చేసినవారిలో వ్రాయనేర్చినవారు అరుదు; వ్రాయనేర్చినవారు దానిని ఆడువారి ముచ్చటయని త్రోసివేసిరి. కాని ఋతువు మారినదని మనలో ప్రతియొక్కరికి తొలిసారి తెలిసినది పంచాంగము చూచి కాదు గదా! తలపై రాలిన రేగుపండు వలననో, గుమ్మడిపూవు గుచ్చిన పేడముద్ద వలననో తెలిసినది.

1949లో సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడినది. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి పురస్కారము ఆ గ్రంథమునకే దక్కినది. కవులు ప్రసంగవశమున జారవిడిచిన మాటలను ఏరి, వానితో జనుల తిండిని, బట్టను, ఆటను, పాటను తిరిగి నిలువబెట్టవచ్చునని ఆయన చూపినారు. ఆ త్రోవనే కొంత దూరము నడచి, ధనుర్మాసము మొదలు రథసప్తమి వరకు మన ఇండ్లలో పసివారి చుట్టు అల్లుకొన్న ఆచారములను, ఇతర ప్రాంతములలో వానికి గల చుట్టరికమును పరిశీలింతము. ఏడాది పొడుగునను ఇట్టివి ఎన్నో కలవు. కాని ఈ రెండు నెలలలో ఉన్నంత సాంద్రముగా మరియొక కాలమున లేవు.

మొదట భోగిపండ్ల సంగతి. భోగినాడు తెల్లవారుజామున మంట వేసి, తలంట్లు పోసికొన్న పిమ్మట, సాయంకాలమున బిడ్డకు క్రొత్తబట్టలు కట్టి, తూర్పు ముఖముగా పీటమీద కూర్చుండబెట్టుదురు. పళ్ళెరములో రేగుపండ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి యుంచుదురు. తల్లి మొదట గుప్పిలి నింపి, బిడ్డ తలచుట్టు మూడుసార్లు త్రిప్పి, మాడుమీద విడుచును. తరువాత ముత్తైదువలు వరుసగా అట్లే చేయుదురు. పిదప హారతి. రాలిన పండ్లు తినరాదని కొన్ని ఇండ్లలో పట్టింపు కలదు. రాలిన నాణెములకు ఆ పట్టింపు ఏ ఇంటను ఉన్నట్లు కనరాదు. చుట్టు మూగిన పిల్లల దృష్టి అంతయు వాని మీదనే. పీటమీది బిడ్డ కొంతసేపు బిత్తరపోయి, కొంతసేపు ఏడ్చి, తుదకు తన ఒడిలో పడిన చెరకు ముక్కను నోట పెట్టుకొనును. ఆ దృశ్యము చూడనివారు తెలుగువారిలో అరుదు.

ఈ ఆచారము మనది మాత్రమే యని అనుకొనువారు కలరు. మహారాష్ట్రమున సంక్రాంతి మొదలు రథసప్తమి లోపల ఏదో యొకనాడు ‘బోర్‌న్హాణ్’ అను వేడుక జరుపుదురు. బోర్ అనగా రేగు, న్హాణ్ అనగా స్నానము. బిడ్డను కూర్చుండబెట్టి రేగుపండ్లు, చెరకు ముక్కలు, మరమరాలు, మిఠాయిలు తలపై పోయుదురు. ఆ బిడ్డకు నల్లని బట్ట కట్టి, చక్కెర పూసల నగలు పెట్టుదురు: చక్కెర హారము, చక్కెర కిరీటము, చక్కెర కంకణములు. మన ఇంట పండుగనాడు పసిబిడ్డకు నల్లబట్ట కట్టుట ఊహింపరానిది. బుగ్గమీది దిష్టిచుక్క ఒక్కటే ఆ రంగునకు మనమిచ్చిన చోటు. మరాఠీలు నలుపును చలికాలమున వెచ్చదనమునిచ్చు రంగుగా గ్రహించిరి. కన్నడ దేశమున మైసూరు వైపు ఎలచిపండ్లు, చెరకు ముక్కలు, నాణెములు సంక్రాంతినాడు పిల్లల తలపై పోయుదురు. ఎలచి అనగా రేగే. తమిళుల పొంగలి ఆచారములలో ఇది ప్రసిద్ధము కాదు.

దీనినిబట్టి ఒక విషయము తోచుచున్నది. తమిళము మన భాషకు సోదరి. మరాఠీ వేరొక కుదురునకు చెందినది. అయినను ఈ పండుగలో మనకు చుట్టము మరాఠీ ఇల్లాలే. ఆచారము భాష వెంట నడువలేదు. నేల వెంట నడచినది. దక్కను పీఠభూమి, దానిని ఆనుకొన్న మన సీమలు రేగుచెట్టుకు పుట్టినిండ్లు. వాన తక్కువయైనను, నేల రాతిదైనను, ఎవరు నీరు పోయకున్నను రేగు బ్రదుకును. సరిగ్గా పుష్యమాసమునకు పండును. బీదవాని బిడ్డకు తోపు లేకున్నను కంప ఉన్నది. కాసు ఖర్చు లేక దోసిళ్ళకొలది దొరకు పండు ఆ కాలమున మరియొకటి లేదు. బదరికాశ్రమమున నరనారాయణులు తపము చేయగా దేవతలు వారిపై బదరీఫలములు కురిపించిరనియు, ఆ జ్ఞాపకముగా మనము పోయుచున్నామనియు ఒక కథ కలదు. కథ ఇంపైనదే. కాని ఆ కథ తెలిసి పోయు ఇండ్లకంటె తెలియక పోయు ఇండ్లే హెచ్చు. ఆచారము ముందు పుట్టి, దానికి గౌరవము కల్పించుటకు కథ వెనుక వచ్చినదని నా అభిప్రాయము.

మరి ఏల పోయుదురు? దిష్టి పోవుటకని మన అవ్వలు చెప్పెడి సమాధానము. చదువుకొన్నవారు దీనికి నవ్వుదురు. నవ్వుటకు ముందు ఒక లెక్క స్మరింపవలెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మన దేశమున పుట్టిన ప్రతి అయిదుగురు శిశువులలో సుమారు ఒకరు ఏడాది నిండకుండనే కన్నుమూయుచుండిరి. తరువాతి నాలుగేండ్లలో మశూచికము, పొంగు, కోరింతదగ్గు, అతిసారము మరి కొందరిని తీసికొనిపోవుచుండెను. భోగిపండ్లు సామాన్యముగా అయిదేండ్లలోపు బిడ్డలకే పోయుట గమనింపదగినది. వైద్యశాస్త్రము నేడు శిశుమరణములను లెక్కించుటకు పెట్టుకొన్న హద్దు కూడ అదియే. అవ్వలకు ఆ శాస్త్రము తెలియదు. పోయిన బిడ్డలు తెలుసు. చలికాలము నడుమ, ప్రొద్దు తిరుగు వేళ, ఇంకను బ్రదికియున్న బిడ్డను పదిమంది ఎదుట కూర్చుండబెట్టి, పండును పైడిని తలపై కురిపించి, ‘ఈ ఏడు గడచినది’ అని ఊరడిల్లుట ఆ ముచ్చటలోని అసలు అర్థమని నేను అనుకొందును. ఆ పండ్ల జల్లులో ఎంత సంతోషము కలదో అంత భయమును కలదు.

ప్రొద్దు తిరుగు వేళ అంటిని. ఇక్కడ జ్యోతిషమునకు సంబంధించిన చిన్న మాట. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. మకర సంక్రమణము నేడు జనవరి 14, 15 తేదీలలో పడుచున్నది. సుమారు 1700 సంవత్సరముల క్రిందట ఈ రెండును ఒక్కనాడే జరిగెడివి. అయనచలనము వలన సుమారు 70 ఏండ్లకొకనాడు చొప్పున అవి విడిపోయినవి. పండితులు దీనిపై వాదములు చేసిరి. పిల్లలకు మాత్రము నష్టమేమియు కలుగలేదు. డిసెంబరులో రేగుపండ్లు పచ్చిగా నుండును.

సూర్యునితో రేగుపండుకు గల సంబంధము రథసప్తమినాడు మరల కనబడును. మాఘ శుద్ధ సప్తమినాడు జిల్లేడాకులు, రేగుపండు తలపై నుంచుకొని స్నానము చేయుదురు. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథము కట్టుదురు; ఆ పని పిల్లలదే. ముంగిట ఎండలో పిడకల దాలి పెట్టి, పాలు పొంగించి, పరమాన్నము వండి, చిక్కుడాకులలో పెట్టుదురు. ఆ పిడకలు ఎక్కడివి? అవి నెల పొడుగునను ముగ్గులలో నిలిచిన గొబ్బెమ్మలే. ప్రతిదినము పూజ ముగిసిన గొబ్బెమ్మలను తట్టి గోడకు కొట్టి ఎండబెట్టి, సప్తమికి దాచియుంచుట ఆడపిల్లల పని. భోగిమంటకై బొటనవ్రేలంత పిడకలు నడుమ బెజ్జముతో చేసి, దండలు గ్రుచ్చి, తన దండ పొడుగా నీ దండ పొడుగా యని వాదులాడుకొనుట అందరి పని.

గొబ్బి పాతది. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలయాత్రకు పోవు భక్తులు పాడెడి పాటల రకములను ఏకరువు పెట్టుచు తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగువాని సరసన గొబ్బిపదములను పేర్కొన్నాడు. అనగా కాకతీయుల కాలపు కవికి గొబ్బిపాట అప్పటికే ఒక స్థిరమైన జాతిగా తెలిసియుండెనన్న మాట. రెండు వందల ఏండ్లకు పిమ్మట అన్నమాచార్యుడు (1408–1503) ఆ జాతిని చేపట్టి వేంకటేశ్వరుని మీద గొబ్బిపాటలు కట్టినాడు. పండితకవులు లక్ష్యపెట్టని బాలికల పాటను ఒక వాగ్గేయకారుడు గుడికి తీసికొనిపోయెను. గుడినుండి అది మరల ముంగిటికి వచ్చినది. నేడు ఏది ముంగిటిదో ఏది గుడిదో విడదీయుట కష్టము.

పాట సంగతి అట్లుండగా, పేడముద్ద సంగతి ఇంకను చిత్రమైనది. బంగాళమున అగ్రహాయణ సంక్రాంతి మొదలు పౌష సంక్రాంతి వరకు, అనగా సరిగా మన ధనుర్మాసమున, చిన్న బాలికలు ‘తోష్‌లా’ అను వ్రతము పట్టుదురు. తుష అనగా ధాన్యపు ఊక. ఆవుపేడలో ఊక కలిపి ముద్దలు చేసి, గరిక గుచ్చి, ఆవపూలు ముల్లంగిపూలు అలంకరించి, పాటలు పాడి, నెల తుదిని నీటిలో విడుచుదురు. తమిళదేశమున మార్గళి నెలలో ముగ్గు నడుమ పేడముద్ద నుంచి దానిలో గుమ్మడిపూవు గుచ్చుదురు. తిరునెల్వేలి వైపున ఆ పూలను పేడలో తట్టి ఎండబెట్టి, పొంగలి తరువాత ‘శిరువీట్టు పొంగల్’ అను పేర ఆడపిల్లలు ముంగిట మట్టితో చిన్న ఇల్లు కట్టి, అందు పొంగలి వండి, ఎండిన పూలముద్దలను ఏటిలో విడుచుదురు. గోదావరి తీరపు బాలికకు, గంగాతీరపు బాలికకు, తామ్రపర్ణి తీరపు బాలికకు ఉత్తరప్రత్యుత్తరములు లేవు. ఒకరినుండి ఒకరు నేర్చిరని చెప్పుటకు ఆధారము లేదు. వరి కోతలు ముగిసి ఊకయు గడ్డియు నిండిన ఇండ్లు, పాడి హెచ్చిన కొట్టములు, చలికి పూయు గుమ్మడియు ఆవయు – ఈ మూడును ఉన్నచోట పసిచేతులు ఆ మూడింటితోనే ఆడుకొన్నవి. పేడ చేనికి ఎరువు, పొయ్యికి వంట చెరకు. దానిని పూవుతో అలంకరించుటలో వింత లేదు.

వంగబాలికల ఈ వ్రతములను చిత్రకారుడు అవనీంద్రనాథ ఠాకూరు 1919లో ‘బాంగ్లార్ బ్రత’ అను చిన్న గ్రంథమున చేర్చినాడు. భారతీయ భాషలలో ఈ విషయముపై అంతటి పుస్తకము అరుదు. ఆయన వ్రతములను శాస్త్రీయములని, స్త్రీలు తమంత తాముగా జరుపుకొనునవని విభజించి, రెండవ తెగలో కన్నెపిల్లల వ్రతములను ప్రత్యేకించి చూచినాడు. వైశాఖమున ‘పుణ్యిపుకుర్’ అని యొకటి కలదు: ముంగిట జానెడు గుంట త్రవ్వి, నడుమ కొమ్మ నాటి, ప్రతిదినము నీరు పోయుదురు – ఎండలకు చెరువు ఇంకకుండవలెనని, చెట్టు చావకుండవలెనని. కోరికకు మొదట రూపము గీసి, ఆడి పాడి, ఆ కోరికను కన్నులయెదుట నెరవేర్చుకొనుటయే వ్రతమని ఆయన సిద్ధాంతము. పురోహితుని మంత్రమునకును, చిత్రకారుని కుంచెకును నడుమ ఎక్కడనో ఆ పిల్లవాండ్ర ముగ్గు ఉన్నదని ఆయన కనుగొన్నాడు. ఇంద్రజాలమను మాటకు ఇంతకంటె చక్కని వివరణ నాకు తెలియదు. మన గొబ్బికిని, బొడ్డెమ్మకును అట్టి గ్రంథమును ఒక తెలుగు చిత్రకారుడు వ్రాసియుండినచో మన ముగ్గుల చరిత్ర ఎంత తేటపడియుండెడిదో!

భోగిమంట చుట్టరికము మరింత విశాలమైనది. పంజాబున ఆ రోజులలోనే లోహ్‌డీ మంట వేయుదురు. పిల్లలు ఇల్లిల్లు తిరిగి పాడి, కట్టెలు, నువ్వులు, బెల్లము సంపాదింతురు. అస్సామున భోగాలీ బిహు. గడ్డితోను వెదురుతోను కట్టిన మేజి అను గోపురమును తెల్లవారుజామున అంటింతురు. ముందునాటి రాత్రి అక్కడి కుర్రవాండ్రు పొరుగువారి దడులు పెరికి తెచ్చుట పరిపాటి. మన ఊళ్ళలో భోగిరాత్రి ఇంటి ముందర విరిగిన మంచమో పాత తలుపో విడిచిపెట్టి నిద్రపోయినవారు తెల్లవారి దానిని ఎచ్చట చూచెదరో అందరికిని తెలిసినదే. ఈ ఒక్క విషయమున భారతదేశపు ఐక్యము సంశయింపరానిది.

ఇక బొమ్మలకొలువు. కోస్తా జిల్లాలలో ఇది భోగి మొదలు ముక్కనుమ వరకు; రాయలసీమ, తెలంగాణములలోను, తమిళ కన్నడ దేశములలోను దసరా నవరాత్రులకు. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పరచి, పై మెట్టున దేవతలను, నడిమి మెట్లపై రాజులను పెండ్లి ఊరేగింపులను, క్రింద సంతలను చేలను ఎడ్లబండ్లను అమర్చుదురు. అద్దము పరచినచో అది చెరువు. మట్టిలో ఆవాలు చల్లి మొలిపించినచో అది పైరు. పెద్ద బొమ్మలు తల్లివి. క్రింది మెట్టు పిల్లలది. అందు కాలు విరిగిన గుఱ్ఱమునకు, రంగు పోయిన చిలుకకు కూడ స్థానము ఉండును.

కొలువు అను మాటయే దీని చరిత్రకు తాళపుచెవి. కొలువనగా రాజసభ. విజయనగరమున మహానవమికి రాయలు కొలువుదీరిన వైభవమును 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వర్ణించినాడు. విజయనగరము పోయిన పిమ్మట ఆ నవరాత్రి సంప్రదాయమును మైసూరు ఒడయరులు 1610లో శ్రీరంగపట్టణమున చేపట్టిరి; వారి రాజభవనమున బొమ్మలకొక ప్రత్యేక మండపము కలదు; కన్నడ ఇండ్లలో పెండ్లికూతునకు రాజు రాణి జంట బొమ్మలను ఇచ్చి పంపుట నేటికిని ఆచారము. రాజు నగరిలో కొలువుదీరిన దినములలో ఇల్లాలు తన ఇంట బొమ్మలను కొలువుదీర్చినదని ఊహించుట తప్పు కాదు. కోస్తాలో అది సంక్రాంతికి ఏల జరిగినది? అక్కడ గాదెలు నిండునది పుష్యమాసమున. బొమ్మలవానికి కొలతగా ధాన్యము పోయుటకు ఇంటివారి చేయి సాగునది అప్పుడే. ఇది నా ఊహ. దీనికి రాజశాసనము తోడు రాదు.

ఆ బొమ్మలు చేసినవారిని విడిచి ఈ చరిత్ర లేదు. కొండపల్లి ఆర్యక్షత్రియులు తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, అవయవములు వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు, తాడిచెట్టెక్కు గీతగాడు వారి ప్రసిద్ధ సృష్టులు. పొణికి తేలిక, పసిచేతికి బరువు కాదు, జారిపడినను కాలు నొప్పింపదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకవారు అంకుడుకొయ్యను తరిమెన పట్టి లక్కపూత పూయుదురు. అక్కడ చెట్టు బెరళ్ళ రంగులను, ఆకుల రంగులను తిరిగి వాడుకకు తెచ్చిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. బిడ్డ బొమ్మను నోట పెట్టుకొనునన్న సంగతి ఎరిగినవారే ఆ రంగుల విలువ ఎరుగుదురు.

బొమ్మలతో కొలువు మాత్రమే కాదు, పెండ్లియు జరిగెడిది. పోతన భాగవతమున రుక్మిణి బాల్యమును చెప్పుచు ఆమె బొమ్మల పెండ్లిండ్లు చేయించి వియ్యములందెడి ముచ్చటను, గుజ్జెనగూళ్ళు వండించి చెలికత్తెలకు పెట్టెడి వేడుకను వర్ణించినాడు. విదర్భరాజపుత్రి ఆడినట్లు చెప్పిన ఆ ఆటలు పోతన చూచిన తెలుగు బాలికలవని వేరుగ చెప్పనక్కరలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు ‘హంసవింశతి’లో పిల్లల ఆటల పేర్లు పెద్ద పట్టికగా ఇచ్చినాడు, వానిలో ఎన్నింటికో నేడు అర్థము చెప్పువారు లేరు.

ఈ ముచ్చట చెప్పి ఊరకుండుటకు వీలులేదు. కన్యాశుల్కము మొదటి కూర్పు (1897) పీఠికలో గురజాడ అప్పారావుగారు ఒక పట్టికను పేర్కొన్నారు. విశాఖపట్టణ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహములను విజయనగర మహారాజు లెక్క వ్రాయించినాడు. మొత్తము 1,034. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది బిడ్డలు 3. ఈ వయస్సులను భోగిపండ్ల పీటతో కలిపి చదువవలెను. సంక్రాంతికి తలమీద రేగుపండ్లు పోయించుకొన్న బిడ్డ, అదే ఏడు మాఘమాసమున తలంబ్రాలు పోయించుకొనెడిది. రెండింటికిని పీట ఒక్కటే, కూర్చుండబెట్టు చేతులు ఒక్కటే. పోసిన వస్తువు మారినది. బొమ్మల పెండ్లి ఆమెకు ఆట; ఆమె పెండ్లి పెద్దలకు ఆట. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ అను పేరులోని బొమ్మ శబ్దమును గురజాడ ఊరక వాడలేదని నా నమ్మకము.

అట్టి బిడ్డకు వరుడు ముసలివాడై కన్నుమూసినచో, ఆమె జీవితాంతము మరి ఏ బిడ్డ తలపైనను గుప్పెడు పండ్లు పోయరాదు. పేరంటమునకు పిలుపు లేదు, హారతిపళ్ళెము తాకరాదు. తనకు పీటవేసిన వాకిటనే తలుపు చాటున నిలిచి చూడవలెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించిరి. బాలికకు 14 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదను శాసనము 1929లో వచ్చి, మరుసటి ఏట అమలైనది. సంఘసంస్కరణ చరిత్రలో ఈ తేదీలను అందరును చదువుదురు. అవి పండుగ చరిత్రలో కూడ తేదీలే. ముత్తైదువలు మాత్రమే పోయవలెనను నియమము ఎవరిని వెలిలో నుంచెనో అడుగక భోగిపండ్ల అందమును మాత్రము పొగడుట సగము చరిత్ర. కులపు హద్దులు కూడ అట్టివే. పొణికి కొయ్య కోసి తెచ్చినవాని బిడ్డకు కొలువు చూచుటకు పిలుపు వచ్చెనా యన్న ప్రశ్నకు మన గ్రంథములు బదులు చెప్పవు.

శరత్కాలపు ఆచారములను గూర్చి రెండు మాటలు. తెలంగాణమున బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు పుట్టమన్నుతో మెట్లమెట్లుగా బొడ్డెమ్మను చేసి పూలు పెట్టి చుట్టు తిరిగి పాడుదురు. బతుకమ్మ 2014లో రాష్ట్రపు పండుగయై గౌరవమందినది. దాని చెల్లెలు బొడ్డెమ్మ ఇంకను వాడలలోనే యున్నది. భాద్రపదము తుదిని ఆ రోజులలోనే వ్రజభూమిలోను మాళవమునను బాలికలు గోడలపై పేడతో ‘సాంఝీ’ బొమ్మలు తీర్చుదురు. ఉత్తరాఖండమున చైత్ర సంక్రాంతికి ‘ఫూల్‌దేయీ’ యని పిల్లలు తెల్లవారకముందే కొండపూలు కోసి ప్రతి ఇంటి గడపపై చల్లి బియ్యము, బెల్లము పుచ్చుకొందురు. మన వీథిబడి పిల్లలు దసరాకు విల్లంబులు పట్టి, బుక్కా చల్లుచు, గురువు వెంట ఇల్లిల్లు తిరిగి పప్పుబెల్లములు పుచ్చుకొన్నది ఇటువంటిదే. అయితే ఇందు అయ్యవారి ఏడాది జీతము కలిసియుండెడిది కనుక పాటలో వినయము పాలు హెచ్చు. బడులకు జీతములు ఏర్పడినవి. ఆ ఊరేగింపు ఆగినది.

మన పాటలను పోగుచేసినవారికి మనము ఋణపడియున్నాము. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ ఈ విద్యకు విశ్వవిద్యాలయమున ఆసనము వేసినది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలోను, 1945లో వెలువరించిన ‘బాల’ పత్రికలోను పిల్లల పాటకు అచ్చును, శబ్దమును ఇచ్చిరి. కాని అచ్చయినది పాట. పాటతో కూడిన పని అచ్చు కాలేదు. పాట పాడునప్పుడు చేయి ఎటు తిరిగినది, పూవు ఎవరు గుచ్చిరి, బిడ్డ వయస్సెంత, పండు ఎక్కడిది, ముగిసిన పిమ్మట ఆ వస్తువులేమైనవి అను వివరములు మాటల నడుమ జారిపోయినవి. పొరుగు భాషల ఆచారములతో పోల్చి చూచుటకు అవియే ముఖ్యము. రేగుపండ్ల చుట్టరికము పాటలలో దొరకలేదు, పళ్ళెరములో దొరకినది.

నేడు బహుళ అంతస్తుల ఇండ్లలో ముంగిలి లేదు. భోగిపిడకలు అంతర్జాలపు అంగళ్ళలో డబ్బాలకెత్తి అమ్మకమునకు వచ్చినవి. నాణెముల సరసన చాక్లెట్లు చేరినవి. పాత వస్తువు పోయెనని దుఃఖించుట కంటె, వచ్చిన వస్తువు ఏ స్థానమున కూర్చున్నదో వ్రాసి యుంచుట చరిత్రకు మేలు. చక్కెర నగలు కూడ ఒకనాడు క్రొత్తవే. అట్టి మార్పులలో ఒకటి మాత్రము ఏ అంగడిలోను కొన్నది కాదు. నేనెరిగిన కొన్ని ఇండ్లలో ఇప్పుడు భోగిసాయంకాలమున మొదటి గుప్పిలి తల్లిది కాదు. భర్తను కోల్పోయిన నాయనమ్మను పిలిచి, పళ్ళెరము ఆమె చేతికిచ్చి, తక్కినవారు ఆమె వెనుక నిలుచుచున్నారు.